చప్పుడు కనబడే తలుపు

మేస్త్రీ చేసిన మొదటి తలుపును దర్శకుడు ఒకసారి తెరిచాడు, ఒకసారి మూశాడు, వద్దన్నాడు.

అది చెడ్డ తలుపేం కాదు. బాగా ఆరిన కర్ర. అంచులన్నీ చిత్రిక పట్టి, పలకకూ పలకకూ మధ్య గోరు దూరకుండా బిగించి, బందులకు నూనె పెట్టి చేసింది. వేలితో నెడితే చాలు, నిద్రపోయిన పసిపిల్లను పక్కమీదికి దించినట్టు మెల్లగా వెళ్ళి చట్రంలో ఒదిగిపోయేది. అదే దాని తప్పు.

“మేస్త్రీ, ఇది నిజం ఇంటి తలుపయ్యా! నాకు కావలసింది అబద్ధం ఇంటి తలుపు,” అన్నాడు దర్శకుడు. “పెళ్ళాం కోపమొచ్చి మొగుడి మొహాన వేసే తలుపు. వేస్తే ధడేల్మనాలి.”

మేస్త్రీ తలుపు వైపు చూశాడు. “మన బొమ్మలో చప్పుడు వినపడదు కదండీ,” అన్నాడు. పొద్దుట్నుంచి అతను ఆడిన మాట అదొక్కటే.

మెట్టుమీద కూర్చుని మొహానికి రంగు పూయించుకుంటున్న పిట్టమ్మ కళ్ళు మూసుకునే అంది. “అందుకే మేస్త్రీ, చప్పుడు కనబడాలి.”

ఆమె అసలు పేరు సినిమా బొమ్మలు తీసే ఆ ఆవరణలో ఎవరూ వాడరు. పిట్టలా మెడ తిప్పుతుందనీ, ఉన్నచోట ఉండదనీ ఎవరో పిట్టమ్మ అన్నారు, అదే నిలిచింది. మూగబొమ్మల్లో పెళ్ళాం వేషాలు ఆమెవి. మొగుడి వేషాలు నిచ్చెనగారివి. ఆయన ఎంత పొడుగంటే, గుమ్మం చేసేముందు మేస్త్రీ ఆయన్ని నిలబెట్టి కొలత తీసుకుని, దానికి నాలుగు వేళ్ళు తక్కువ పెట్టేవాడు. తల తగలాలి గనక.

ఆ ఆవరణలో కట్టే ఇళ్ళకు కప్పులుండవు. ఎండే దీపం. పైన తాళ్ళమీద తెల్లగుడ్డలు లాగి, ఎండను మెత్తబరిచి, దానికింద మూడు గోడల గది నిలబెట్టేవారు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా ఉండేది. గోడలూ గోడలు కావు, కర్ర చట్రాలకు బిగించిన మందపాటి గుడ్డ. ఇటుకలు రంగుతో వేసినవి. మబ్బు పడితే పనాపి అందరూ ఆకాశం కేసి చూస్తూ కూర్చునేవారు, రైతుల్లాగే. కాకపోతే వాన రావాలని కాదు, మబ్బు పోవాలని.

మొదటి తలుపును మేస్త్రీ షెడ్డు గోడకు ఆనించి పెట్టి, తేలిక పలకలతో రెండోది చేశాడు. అది ధడేల్మంది. దానితోపాటు గోడంతా తెరచాపలా ఊగింది. ఇటుకలు అలలెత్తాయి. కెమెరా పిడి తిప్పే ఆయన నవ్వాపుకోలేక పిడి వదిలేశాడు.

“మేస్త్రీ, ఇల్లు మునిగేట్టుంది. పడవెక్కమంటావా?”

మేస్త్రీ గోడ వెనక్కి వెళ్ళి ఊతకర్రలు దన్ను పెట్టాడు. వాటి మొదళ్ళమీద ఇసుక బస్తాలు వేశాడు. తలుపు బందులను కొంచెం వాలుగా మార్చాడు, సగం దూరం తోస్తే మిగతా సగం తలుపే పరుగెత్తి వెళ్ళేట్టు. కొట్టుకుని వెనక్కి రాకుండా చట్రానికి లోపల తోలు పట్టీ కొట్టాడు. మూడో తలుపు పడినప్పుడు గోడ కదల్లేదు, ఇటుకలు కదల్లేదు, గాలి మాత్రం కదిలి పిట్టమ్మ నుదుటిమీది వెంట్రుకలు ఎగిరాయి.

“ఇదీ తలుపంటే!” అంది పిట్టమ్మ. “ఇంకొక్కటి మేస్త్రీ. పక్కన గోడమీద ఒక పటం పెట్టగలవా? తలుపు పడ్డప్పుడల్లా ఒక పక్కకి ఒరగాలి.”

అతను ఒక పటం తెచ్చి, మేకును నడిమధ్య కాకుండా కాస్త పక్కగా కొట్టి తగిలించాడు. ఆమె తలుపు వేసింది. పటం ఒరిగింది. చూస్తున్నవాళ్ళందరూ చెవులు మూసుకోబోయి ఆగినట్టయింది. అప్పుడు అర్థమైంది మేస్త్రీకి, చప్పుడు కనబడడమంటే ఏమిటో.

ఇక బొమ్మ కథ. ఒక ఆలూమగలు. ఇంట్లో కుళాయి చెడిపోయింది. మొగుడు పనికి వెళ్ళాక పెళ్ళాం ఒక కుళాయి పనివాణ్ణి పిలిపిస్తుంది. అతను టోపీ కిటికీ దగ్గర పెట్టి లోపల పని చేసుకుంటుంటాడు. ఈలోగా మొగుడు దారిలో ఒక పిండి బస్తా మోసే మనిషిని గుద్దుకుంటాడు, భుజంమీద తెల్లగా పిండి అంటుతుంది. ఇంటికొస్తాడు. పెళ్ళాం భుజంమీది తెలుపు చూసి, అది ఏ ఆడదాని మొహం పౌడరో అనుకుంటుంది. మొగుడు కిటికీలో టోపీ చూసి, ఇంట్లో ఎవడో ఉన్నాడనుకుంటాడు. అడగడానికి ఇద్దరికీ పౌరుషం అడ్డం. అంతే, ఆమె పడకగదిలోకి పోయి అతని మొహాన తలుపు వేస్తుంది.

మూడుసార్లు వేస్తుంది. ఆ మూడుసార్లు పిట్టమ్మ ఎలా వేసేదో చూసి తీరాలి. మొదటిసారి రెండు చేతులతో, ఒళ్ళంతా బరువు చేసి వేసేది. పటం ఒరిగేది. మొగుడు తలుపు తడతాడు. రెండోసారి తీసేది. అతణ్ణి చూసేది కాదు, ముందు పటం సర్దేది, అటు నడిచి ఇటు నడిచి సరిగ్గా ఉందో లేదో చూసేది, అప్పుడు అతని వైపు ఒక్క చూపు చూసి మళ్ళీ వేసేది. మళ్ళీ ఒరిగేది. మూడోసారి తలుపు చిన్న సందు తెరుచుకునేది. అందులోంచి ఆమె చెయ్యి ఒక్కటే బయటికొచ్చి, పొద్దున అతను గదిలో మరిచిపోయిన సొంత టోపీని అతని చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళిపోయేది. తలుపు మాత్రం ఈసారి మెల్లగా, ఎంతో మర్యాదగా మూసుకునేది. అప్పుడు పటం ఊడి కిందపడేది.

గోడ వెనక దారం లాగి పటం పడేసేది మేస్త్రీయే. ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళి, తలుపు అంచు చట్రాన్ని తాకి, చూసేవాడు ‘హమ్మయ్య’ అనుకునే లోపల లాగాలి. ముందు లాగితే నవ్వు రాదు, ఆలస్యమైతే నవ్వు చచ్చిపోతుంది. ఎప్పుడు లాగాలో పిట్టమ్మ అతనికి మాటల్లో చెప్పలేదు. తలుపు మూసేముందు భుజం ఒకింత దించేది. ఆ భుజం చూసి అతను లాగేవాడు. అందరికన్నా దగ్గరగా నిలబడి చూసిన మనిషికి ఒకటి తెలిసింది. కోపం చేతుల్లో చూపించడం ఎవరైనా చేస్తారు. కోపమంతా పోయి దిగులు మిగిలిందని ఒక్క భుజంతో చెప్పడం ఈమెకే చేతనవును.

ఆ సాయంత్రానికి ఇంకో ఘట్టం మిగిలింది. పెళ్ళాం మూట కట్టుకుని కిటికీలోంచి దిగి పుట్టింటికి పోవడం. గుమ్మానికి అడ్డంగా మొగుడు కూర్చున్నాడు గనక కిటికీయే దారి. కెమెరాకు కనబడకుండా కింద వంగి మేస్త్రీ ఆమె పాదానికి అరచెయ్యి ఊతంగా పట్టాడు. ఆమె మూటతో సహా జారింది. మొహం తిన్నగా వచ్చి అతని భుజానికి గుద్దుకుంది.

“దెబ్బ తగిలిందా అమ్మగారూ?”

“నాకు కాదు, నీ చొక్కాకి తగిలింది,” అంది పిట్టమ్మ లేస్తూ.

ఆ రోజుల ఫిల్ముకు ఎరుపు నలుపుగా పడేది. మనిషి మొహం మనిషి రంగులోనే ఉంటే బొమ్మలో బొగ్గు పూసినట్టుండేది. అందుకని మొహాలకు తెలుపూ పసుపూ కలిసిన ముద్దరంగు పూసేవారు. ఆ ముద్దలో ఆమె బుగ్గా ముక్కూ మేస్త్రీ భుజంమీద అచ్చుపడ్డాయి.

నిచ్చెనగారు వంగి ఆ అచ్చును పరీక్షగా చూశాడు. బొమ్మలో తప్ప బయట నవ్వని మనిషి ఆయన. “మా ఆవిడ ఇన్నేళ్ళలో నామీద ఇంత గట్టిగా పడలేదు మేస్త్రీ,” అన్నాడు దిగులుగా. “ఇవాళ ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటావో చూసుకో. మన కథ చూశావుగా, భుజంమీద తెలుపు!”

అందరూ నవ్వారు. మేస్త్రీ నీళ్ళతో తుడిచాడు. మరింత పాకింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గడపలో కూర్చుని గుండీలు కుడుతోంది. దర్జీ కొట్టునుంచి చొక్కాలు తెచ్చి కాజాలు, గుండీలు కుట్టి ఇవ్వడం ఆమె పని. మనిషిని చూడకముందే చొక్కాను చూసే కళ్ళు. అతని భుజంమీది మరకను చూసింది. లేచి వచ్చి రెండు వేళ్ళతో నలిపింది, వాసన చూసింది.

“విప్పు, నానబెడతాను,” అంది.

అంతే అంది. ఇంకేమన్నా అంటుందేమోనని అతను చూశాడు. అనలేదు.

అన్నం ముందు కూర్చున్నాక మేస్త్రీకి ఏమయిందో గాని నోరు విచ్చుకుంది. రోజంతా నవ్విన నవ్వులు లోపల ఇంకా ఉండిపోయాయేమో. తలుపు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిది ఎందుకు వద్దన్నారో, రెండోదానికి గోడ ఎలా ఊగిందో, బందులు ఎంత వాలుగా పెట్టాలో, తోలు పట్టీ ఎక్కడ కొట్టాలో, అన్నీ. అన్నం చల్లారిపోయింది. పళ్ళెంలో వేలితో చట్రం గీసి చూపించాడు.

“ఒక్క తలుపుకి ఇంత పనుంటుందా!” అంది భార్య.

“ఉండదా మరి! ఆవిడ ఒకసారి తోస్తుంది, అంతే. మళ్ళీ చెయ్యి వెయ్యక్కర్లేదు. అదే వెళ్ళి పడుతుంది. చెయ్యి ఖాళీగా ఉండాలి కదా, టోపీ అందించాలిగా.”

“చెయ్యి ఖాళీగా ఉండాలి,” అంది ఆమె నెమ్మదిగా. ఇంకేదో అనబోయి, అతని పళ్ళెంలో మజ్జిగ పోసి లేచిపోయింది.

పెరట్లో తడికల స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడింది. ఒక చెంబు నీళ్ళు పడేవి. ఆగేవి. ఎంతకో ఇంకొక చెంబు. రోజూ వినే చప్పుడే. ఈమె స్నానం ఎప్పుడూ నిదానమే అనుకుని మేస్త్రీ మజ్జిగన్నం కలుపుకున్నాడు.

తెల్లారి పనికి బయల్దేరుతుంటే ఆమె అంది. “తమ్ముడికి కబురు పంపాను. బండి తీసుకుని వస్తాడు. కొన్నాళ్ళు అమ్మ దగ్గరుండి వస్తా.”

“ఎన్నాళ్ళు?”

“చూద్దాంలే,” అంది.

అది అతని మాట. ఇంట్లో ఏమడిగినా అతను అనే మాట. దాన్ని ఆమె నోట వినడం ఎంతో కొత్తగా ఉంది. దారి పొడుగునా ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆలోచన భుజంమీదికే వచ్చి ఆగింది. వాసన కూడా చూసింది కదా! ఆవరణలోకి అడుగుపెట్టేసరికి అతనికి సందేహం మిగల్లేదు. తాము తీస్తున్న బొమ్మ తన ఇంట్లో కూడా ఆడుతోంది.

ఆ తర్వాతి రోజుల్లో బొమ్మ చివరి భాగం తీశారు. మొగుడూ పెళ్ళాం ఒకే బల్లకు చెరో కొసనా కూర్చుని, ఉప్పు కావలసివచ్చినా అడగకుండా భోంచేసే ఘట్టం. నిచ్చెనగారు ఉప్పుబుడ్డి కేసి చూసేవాడు. పిట్టమ్మ ఆ చూపు చూసి బుడ్డిని ఒక వేలు దూరం జరిపేది. ఆయన చప్పిడి ముద్ద మింగేవాడు. మళ్ళీ చూసేవాడు. ఆమె ఇంకో వేలు జరిపేది. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. కెమెరా ఆయన పిడి సమంగా తిప్పడానికి లోలోపల ఒక పాట పాడుకుంటాడు. ఆ రోజు పాట తప్పిపోయి ఫిల్ము పాడయింది.

మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు. ఇంట్లో అదే జరుగుతోంది మరి. నవ్వించే ఉప్పుబుడ్డి ఒకటే తక్కువ.

పని మధ్యలో మబ్బు కమ్మితే పిట్టమ్మ వచ్చి అతని పనిబల్ల చివర కూర్చుంది. చిత్రిక పొట్టు చేతిలోకి తీసుకుని వేలికి చుట్టుకుంటూ, “ఏంటి మేస్త్రీ, తలుపు ఘట్టం ఇవాళ మళ్ళీ తీస్తే దారం ఆలస్యంగా లాగావు?” అంది.

“తప్పైందండి.”

“తప్పు కాదు. నువ్వు అటు చూడట్లేదు. ఎటు చూస్తున్నావు?”

చాలాసేపు చిత్రిక ఆడించాక అతను చెప్పాడు. “చొక్కామీద మీ మొహం పడింది కదండీ. ఇంట్లో పుట్టింటికి ప్రయాణం పెట్టుకుంది.”

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. “ఏమని అడిగింది?”

“అడగలేదండి.”

“నువ్వేమని చెప్పావు?”

“అడగందే ఏం చెప్తామండీ?”

పిట్టమ్మ పొట్టు విసిరేసి లేచింది. “బొమ్మలో వాళ్ళంటే మూగవాళ్ళు, సరే. నీకేమయింది మేస్త్రీ? ఇద్దరూ ఒక్క మాట అనుకుంటే మా కథ మొదట్లోనే అయిపోయేది. అయిపోతే మాకు అన్నం పుట్టదు గనక మేం అనుకోం. నువ్వెవరి అన్నం కోసం నోరు మూసుకున్నావు?”

ఆ సాయంత్రం అతను గట్టిగా అనుకునే ఇంటికెళ్ళాడు. భార్య దీపం బుడ్డి తుడుస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

“ఆ చొక్కా...”

“ఆరేశాను.”

“అది కాదు. దాని మీద...”

“పోయింది. పిండితే పోయింది.”

అతను పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చాడు.

బొమ్మ పూర్తయ్యాక ఒకనాడు పొద్దెక్కి బావమరిది బండి తోలుకొచ్చాడు. ఎద్దుల మెళ్ళో గంటలకంటే అతని గొంతే ముందు వినబడుతుంది. “బావా, మా అక్కని ఏమన్నావు? కబురు చేసిన మనిషి మొహం చూసి మా అమ్మ ఆ రాత్రి అన్నం మానేసింది!”

“ఏమీ అనలేదురా,” అన్నాడు మేస్త్రీ.

“అదే అయ్యుంటుంది,” అన్నాడు బావమరిది. “నువ్వెప్పుడు ఏమన్నావు గనక!”

భార్య మూట కట్టుకుని తయారుగా ఉంది. కుట్టాల్సిన చొక్కాలు దర్జీకి తిరిగిచ్చేసింది. మేస్త్రీ అది చూశాడు. కొన్నాళ్ళకని వెళ్ళే మనిషి చేతిలో పని తిరిగిచ్చి వెళ్ళదు.

“మధ్యాహ్నం బొమ్మ వేస్తున్నారు,” అన్నాడు గబగబా. “షెడ్డులో, మా పనివాళ్ళకీ ఇంట్లోవాళ్ళకీ. చూసి వెళ్ళండి.”

“బొమ్మా? ఊరికేనా?” బావమరిది అప్పుడే ఎద్దులను విప్పడం మొదలుపెట్టాడు. “అక్కా, అమ్మ ఎక్కడికీ పోదు. బొమ్మ పోతుంది.”

భార్య మొగుడి మొహంలోకి చూసింది. ఈ మనిషి నోరు తెరిచి ‘రండి’ అనడం అరుదు. మూట బండిలో పెట్టి, “సరే, పదండి,” అంది.

మేస్త్రీ లెక్క అతనికుంది. తను చెప్పలేనిది బొమ్మ చెప్తుంది. భుజంమీద తెలుపు కథ ఏమిటో, ఎంత వెర్రి అపోహో, తన కళ్ళతో తనే చూస్తుంది. కిటికీలోంచి పడ్డ ఘట్టం వచ్చినప్పుడు, ఆ కింద ఉన్నది నేనే అని చెవిలో చెప్పాలి. ఆ ఒక్క వాక్యం దారి పొడుగునా కూడబలుక్కున్నాడు.

షెడ్డు కిటికీలకు గోనెలు కొట్టి చీకటి చేశారు. తెల్లగుడ్డ మీద వెలుతురు పడింది. యంత్రం టకటకమంది. నిచ్చెనగారి తల గుమ్మానికి తగలగానే బావమరిది తొడ చరుచుకుని నవ్వాడు. “ఓయ్, గుమ్మం చూసుకో!” అని తెరకే చెప్పాడు. నిచ్చెనగారు వెనక బల్లమీద కూర్చుని, నవ్వుతున్న వాళ్ళ వీపులు చూసుకుంటున్నాడు. పిట్టమ్మ ఒక మూల నిలబడే ఉంది.

మేస్త్రీ తెరను చూడలేదు. తెర వెలుతురులో భార్య మొహాన్ని చూశాడు. పిండి బస్తా వచ్చింది. భుజం తెల్లబడింది. ఆమె నవ్వింది, అందరిలాగే. అతనికి ఊపిరాడింది. తర్వాత తలుపు వచ్చింది.

తలుపు పడింది. పటం ఒరిగింది. షెడ్డు గొల్లుమంది. భార్య నవ్వడం మానేసింది. కొంచెం ముందుకు వంగి, మనుషుల్ని కాదు, తలుపునే చూస్తోంది. రెండోసారి పడింది. ఆమె పెదవులు బిగిశాయి. మూడోసారి సందులోంచి చెయ్యి వచ్చింది, టోపీ అందింది, తలుపు మర్యాదగా మూసుకుంది, పటం ఊడిపడింది. జనం నవ్వు ఆపుకోలేక ఒకరిమీద ఒకరు పడుతున్నారు. బావమరిది కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“అది నేనే లాగాను,” అన్నాడు మేస్త్రీ మెల్లగా. “పటం.”

“బాగా పడుతోంది తలుపు,” అంది ఆమె. గొంతులో ఎగతాళి లేదు. పనిని చూసి పని తెలిసిన మనిషి అనే మాటలా ఉంది. “చాలా బాగా చేశావు.”

అప్పుడు తెరమీద లోపలి గది వచ్చింది. కుళాయి పనివాడు నేలమీద బోర్లా పడుకుని, చేతిలో పట్టకారుతో కుళాయి బిగిస్తున్నాడు. పిట్టమ్మ దీపం పట్టుకుని పక్కన నిలబడింది. నీళ్ళు ఆగాయి. ఆమె మొహం వెలిగింది. అంత చిన్న సంగతికి అంత వెలుగు ఎలా తెచ్చిందో! నవ్వుతున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం నవ్వు మరిచారు.

“ఆవిడ అదృష్టవంతురాలు,” అంది భార్య. “ఇంటికి బాగుచేసేవాడు వచ్చాడు.”

మేస్త్రీ మెడ తిప్పాడు. ఆమె తెరనే చూస్తోంది. కంట్లో వెలుతురు తళుక్కుమంటోంది. అది తెర వెలుతురో ఇంకొకటో తెలియలేదు.

“చొక్కామీది రంగు... ఆమె జారిపడితే అంటిందే,” అన్నాడు. కూడబలుక్కున్న వాక్యం ఎక్కడో పోయింది. “ఇంకేం లేదు.”

ఆమె అతని వైపు తిరిగింది. నిజంగా ఆశ్చర్యపోయింది. “ఆ రంగా? మొహాలకి పూసేదని నాకు తెలీదా ఏమిటి? ఎరుపు నల్లగా పడుతుందని నువ్వేగా చెప్పావు! జిడ్డు ఉందో లేదోనని వాసన చూశాను, జిడ్డుంటే వేన్నీళ్ళు కావాలని.” ఆగి, “అందుకనా ఇన్నాళ్ళూ ఆ మొహం?” అంది.

“మరి... ప్రయాణం?”

ముందు వరసలో ఎవరో ‘ష్’ అన్నారు, మూగబొమ్మకి! ఆమె గొంతు తగ్గించింది.

“మా అమ్మ ఇంట్లో స్నానాల గదికి తలుపుంది.”

అంతకంటే చెప్పడం అక్కర్లేకపోయింది. పెరట్లో నీళ్ళ చప్పుడు అతని చెవిలో మొదలైంది. ఒక చెంబు. ఆగడం. ఎంతకో ఇంకొక చెంబు. కింది బందు పుచ్చి ఊడిపోయిన పాత పలక. దానికి కట్టిన తాడు. తాడు కొసను ఒక చేత్తో లోపలికి లాగి పట్టుకుని, రెండో చేత్తో చెంబు ముంచి, చెంబు కింద పెట్టి, సబ్బు తీసుకుని, సబ్బు కింద పెట్టి, మళ్ళీ చెంబు. గోడవతల దారిన పోయే అడుగుల చప్పుడైతే అంతా ఆపి, తాడు బిగబట్టి. కొత్తలో చెప్పింది. తర్వాత గుర్తుచేసింది. నవ్వుతూ అడిగింది, విసుక్కుని అడిగింది. ప్రతిసారీ తను ‘చూద్దాంలే’ అన్నాడు. ఎప్పుడు అడగడం మానేసిందో తనకు తెలియలేదు. మానేసిందన్న సంగతే తెలియలేదు. పైగా ఆ రాత్రి అన్నం చల్లారేదాకా తలుపు గురించే చెప్పాడు. చెయ్యి ఖాళీగా ఉండాలని కూడా చెప్పాడు.

తెరమీద పిండి బస్తా చిరిగి, అందరూ తెల్లగా పిండిలో మునిగి నవ్వుకుంటున్నారు. ఆలూమగలు కలిసిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. గోనెలు తీసేసరికి ఎండ లోపలికొచ్చి అందరూ కళ్ళు చికిలించారు.

మేస్త్రీ కూర్చున్నచోట లేడు.

షెడ్డు వెనక, మొదటి తలుపు ఆనించిన చోటే ఉంది. దుమ్ము పట్టింది. అతను భుజానికెత్తుకుంటుంటే దర్శకుడు వచ్చాడు.

“ఎక్కడికయ్యా దాన్ని?”

“నిజం ఇంటికండి.”

దర్శకుడికి అర్థం కాలేదు. వెనకే వచ్చిన పిట్టమ్మకు అర్థమైంది. “పోనీండి,” అంది ఆయనతో. “ఆ తలుపు మన బొమ్మల్లో నటించలేదు. దానికి వేషం వెయ్యడం రాదు.” మేస్త్రీ వైపు తిరిగి, “రెండో కొస పట్టుకోమంటావా?” అంది.

“వద్దండి. మళ్ళీ రంగంటుకుంటుంది,” అన్నాడు మేస్త్రీ. తన జన్మలో అతను వేసిన హాస్యం అదొక్కటేనని తర్వాత నిచ్చెనగారు అనేవాడు.

బండిలో తలుపు అడ్డంగా వేసుకుని ఇంటికొచ్చారు. మూట దానికింద నలిగింది. దారి పొడుగునా బావమరిదే మాట్లాడాడు. పెరట్లోకి వెళ్ళి మేస్త్రీ పాత పలక పీకేశాడు. తాడు చేతిలోకి వచ్చింది. పట్టుకునే చోట నున్నగా, నల్లగా ఉంది. ఉలి పిడి తన చేతిలో ఎలా అరిగిందో అలా అరిగింది. దాన్ని చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు.

గుంజలు నిలబెట్టి, గుండు దారం వేలాడేసి నిలువు చూసి, మట్టి కూరి దిమ్మిస కొట్టాడు. గది కొలతకు తలుపు కింద కొంచెం కొయ్యవలసివచ్చింది. కోశాడు. కోసిన అంచుకు నీళ్ళు తగిలితే ఉబ్బకుండా నూనె పట్టించాడు. బావమరిది తలుపు ఎత్తి పట్టుకుంటే బందులు బిగించాడు. లోపలివైపు గడియ కొట్టాడు. పైన కాదు, ఆమె చెయ్యి అందే ఎత్తులో. ఆ ఎత్తు కొలవడానికి ఆమెను పిలవలేదు. అతనికి తెలుసు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి మొదట్నుంచీ చూస్తోంది. అతను చెయ్యి దులుపుకుని పక్కకు జరిగాక వచ్చింది. బందు చూసింది. గడియ ముందుకూ వెనక్కూ ఆడించింది. లోపలికి వెళ్ళింది. అతని వైపు ఒక్క చూపు చూసి, రెండు చేతులతో, ఒళ్ళంతా బరువు చేసి తలుపును అతని మొహాన విసిరింది.

తలుపు విసురుగానే బయల్దేరింది. సగం దారిలో తన స్వభావం గుర్తొచ్చినట్టు నెమ్మదించి, మెత్తగా వెళ్ళి చట్రంలో ఒదిగిపోయింది. చప్పుడు లేదు.

“దీనికి కోపం రాదక్కా!” అని అరిచాడు బావమరిది.

లోపలినుంచి నవ్వు వినబడింది. మేస్త్రీ చాలా ఏళ్ళుగా ఆ నవ్వు విని ఉండలేదు. అంతలో తలుపు చిన్న సందు తెరుచుకుంది. అందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది. లోపల అతను మరిచిపోయిన సుత్తిని అతని చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళింది. తలుపు మర్యాదగా మూసుకుంది. మేస్త్రీ సుత్తి పట్టుకుని, కిందపడాల్సిన పటం కోసం చూసే మనిషిలా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బొమ్మలో మూడోసారి తలుపు వేయడం ఆమె ఒక్కసారే కదా చూసింది! చెయ్యి రావడం, ఆగడం, వెళ్ళడం, అంతా అలాగే ఉంది.

గడియ పడింది.

“అక్కా, పొద్దు వాలుతోంది. బండి కట్టనా?” అన్నాడు బావమరిది.

“మూట దించి నువ్వెళ్ళరా. అమ్మకి బాగున్నానని చెప్పు. దర్జీ కొట్టు ముందునుంచే వెళ్తావుగా, ఆ చొక్కాలు మళ్ళీ పంపమను,” అంది లోపలినుంచి.

మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. గోడవతల ఎవరో నడిచిపోయారు. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు.

లోపల నీళ్ళు పడ్డాయి. ఆగలేదు. చెంబు వెంట చెంబు, చెంబు వెంట చెంబు, తెరపి లేకుండా పడుతూనే ఉన్నాయి.